డూప్ ఇచ్చిన రక్తం

మార్తాండరావు స్నానం చేసి వచ్చేసరికి ఆయన మంచం మేడ దిగిపోయింది.

వాచ్‌మన్, డ్రైవరు కలిసి దాన్ని మెట్ల మలుపులో అడ్డంగా తిప్పుతుంటే, కింద నిలబడి సీతామహాలక్ష్మి "గోడకి తగలనివ్వకండి, మెల్లగా" అంటోంది. పరుపు అప్పటికే హాలు పక్క గదికి చేరిపోయింది. దాని మీద ఆయన దిండు, దుప్పటి, కళ్లజోడు పెట్టె కూడా ఉన్నాయి.

"ఏంటిదంతా?" అన్నాడు టవలుతోనే నిలబడి.

"ఇకమీదట మీరు మెట్లెక్కరు."

"ఎవరు చెప్పారు?"

"డాక్టరు గారు. ఆయన చెప్పకపోయినా నేను చెప్పేదాన్ని."

నిన్న సాయంత్రం ఆ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ జూబిలీహిల్స్‌లోని ఆ ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడటం లేదు. కొత్త సినిమాకి బీమా చేసేవాళ్లు నటుడికి వైద్య పరీక్షలు చేయించారు. మార్తాండరావు పేరు మీద వచ్చిన ఫలితాలు చూసి డాక్టరు గారే స్వయంగా సీతామహాలక్ష్మికి ఫోను చేశాడు. షుగరు విపరీతంగా ఉందన్నాడు. అది చాలదన్నట్టు, గుండె ఇదివరకే ఒకసారి దెబ్బతిన్నట్టు ఈసీజీలో గుర్తులున్నాయన్నాడు. "షుగరున్నవాళ్లకి ఒక్కోసారి నొప్పి సరిగ్గా తెలీదమ్మా. ఎటాక్ వచ్చి వెళ్లిపోయినా గ్యాస్ అనుకుంటారు. రెండోది అలా వదలదు. బరువులు ఎత్తనివ్వకండి, పరుగులు పెట్టనివ్వకండి, వెంటనే తీసుకురండి" అన్నాడు.

మార్తాండరావు తెర మీద అందరు హీరోలకీ నాన్న. అందులో సగం మంది నాన్నలు ఇంటర్వెల్‌కి ముందే గుండె పట్టుకుని పోయినవాళ్లు. ఆ మాటెత్తి ఇంకెవరైనా నవ్వుకుంటారేమో గానీ, ఈ ఇంట్లో నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

"లక్ష్మీ, నాకేం లేదు" అన్నాడాయన.

"మీ ఇంట్లో మగవాళ్లెవరికీ ఏమీ ఉండదండీ. మామయ్యగారికీ ఏమీ లేదు. బావగారికీ ఏమీ లేదు. ఏమీ లేకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు."

ఆ మాట అనేసి ఆవిడ పక్కకి తిరిగి దుప్పటి సర్దడం మొదలుపెట్టింది.

కూతురు చిన్మయి చెవి దగ్గర ఫోనుతోనే లోపలికొచ్చింది. ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దుటి నుంచీ ఆసుపత్రి వాళ్లతోనే మాట్లాడుతోంది. "రూము దొరికింది నాన్నా. సాయంత్రం చేరిపోవాలి. రేపు పొద్దున్నే యాంజియో చేస్తారట."

"నేను రాను."

"కారణం చెప్పు."

"ఆ రిపోర్టు తప్పు."

"సరే, తప్పే అనుకుందాం. అప్పుడు ఆసుపత్రికెళ్లి అది తప్పని రుజువు చేసుకుని రావచ్చుగా? దానికి భయమెందుకు?"

అమ్మాయి మామూలుగానే అడిగింది. ఆ ప్రశ్న ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

రిపోర్టులో ఉన్న గుండె ఆయనది కాదు. ఆ రక్తమూ ఆయనది కాదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఆయన ఒక్కడికే తెలుసు.

పరీక్షలు చేసే కుర్రవాడు షూటింగు దగ్గరికే, క్యారవాన్‌లోకే వచ్చాడు ఆ రోజు. లోపల నర్సింహ కూర్చుని ఉన్నాడు. నర్సింహ అంటే మార్తాండరావుకి ఎన్నో ఏళ్లుగా డూప్. అదే ఎత్తు, అదే భుజాలు. ఆ రోజు ఇద్దరికీ ఒకటే నెరిసిన గడ్డం, ఒకటే విగ్గు, ఒకటే స్వెటరు. వచ్చినవాడు కార్డులూ గీర్డులూ అడగలేదు. "మీ సినిమాలంటే మా నాన్నకి ప్రాణం సార్" అని నర్సింహతో సెల్ఫీ తీసుకుని, నర్సింహ చెయ్యి గుచ్చి, నర్సింహ ఛాతీకి తీగలు పెట్టి, గీతలు తీసుకుని వెళ్లిపోయాడు. మార్తాండరావు పక్క క్యారవాన్‌లో తలుపేసుకుని కూర్చున్నాడు.

తన బదులు మెట్ల మీంచి దొర్లింది నర్సింహ. తన బదులు వానలో తడిసింది నర్సింహ. రక్తం కూడా నర్సింహే ఇస్తే ఏం పోయింది అనిపించింది ఆయనకి. సినిమా వాళ్లకి తప్ప ఇంకెవరికీ తోచని ఆలోచన అది. తోచడమే కాదు, తప్పుగా కూడా అనిపించలేదు.

ఇప్పుడు నిజం చెబితే బీమా కంపెనీని మోసం చేసినట్టు. ఇన్నేళ్ల నాన్న వేషాల తర్వాత మొదటిసారి తనే ముఖ్యపాత్రగా తీస్తున్న సినిమా ఆగిపోతుంది. చెప్పకపోతే, బోరబండలో ఉండే నర్సింహ ఆ గుండె పెట్టుకుని రోజూ పనికి వస్తూనే ఉంటాడు.

రాత్రంతా ఆయన ఈ రెంటి మధ్యే దొర్లాడు. సీతామహాలక్ష్మి అది గుండెనొప్పి అనుకుని ఛాతీకి నూనె రాసింది.

*

కాఫీ వేళకి ప్రొడక్షన్ మేనేజరు బాబీ వచ్చాడు. వెనకే నర్సింహ. బాబీ సోఫాలో కూర్చున్నాడు. నర్సింహ ఎప్పటిలాగే గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, మీరు అస్సలు కంగారు పడొద్దు" అన్నాడు బాబీ. "నిర్మాత గారు నిన్న రాత్రే చెప్పేశారు. సార్‌ని కుర్చీలోంచి లేపేది లేదని రాసిచ్చి బీమా వాళ్లని ఒప్పిస్తారట. క్లోజప్పులు మాత్రం సార్ మీద. మిగతాదంతా నర్సింహ మీద లాగించేస్తాం. సార్ స్వయంగా చేస్తానన్న సీన్లు కూడా."

"ఏ సీన్లు?" అన్నాడు మార్తాండరావు.

"అదే సార్, ఆసుపత్రి మెట్లు. లిఫ్టు పాడైపోతుంది, మీరు మీ అమ్మాయిని వీపున వేసుకుని ఆపరేషన్ థియేటర్ దాకా ఎక్కుతారు కదా. షేక్‌పేటలో ఆ సగం కట్టిన బిల్డింగు ఇవాళ్టి వరకే మనది. రేపట్నుంచి వాళ్ల పనివాళ్లు దిగుతున్నారు. అందుకని ఇవాళే కొట్టేస్తాం. నాలుగంతస్తులు, ఒకటే షాటు. కెమెరా వెనకే ఎక్కుతుంది."

"అది ఆపండి."

"ఆపేదేముంది సార్, మీరు చెయ్యట్లేదుగా? నర్సింహ చేస్తాడు."

"పాపం, నాలుగంతస్తులే!" అంది సీతామహాలక్ష్మి.

"నర్సింహకేం మేడమ్! బండ."

నర్సింహ తల గోక్కుంటూ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక మార్తాండరావు కిటికీ వైపు తిరిగాడు.

సీతామహాలక్ష్మి లోపలికి వెళ్లి పెద్ద స్టీలు డబ్బా తెచ్చింది. ఈయనకి తీపి కనపడకూడదని పొద్దున్నే వంటింట్లో సోదా చేసి తీసిన సున్నుండలవి. నేతిలో తడిసి ఉన్నాయి.

"నర్సింహా, ఇవి పట్టుకెళ్లి పిల్లలూ నువ్వూ తినండయ్యా. మీ సార్ కష్టమంతా నువ్వే మోస్తున్నావు. నీ రుణం ఎలా తీర్చుకోవాలో."

"గంత మాటెందుకమ్మా" అంటూ నర్సింహ రెండు చేతులూ చాచాడు.

మార్తాండరావు లేచి వెళ్లి ఆ డబ్బా లాక్కున్నాడు. మూత జారి కిందపడి గదంతా మోగింది.

"ఏంటండీ అది! పరాయివాళ్ల ముందు!" సీతామహాలక్ష్మి మొహం సిగ్గుతో ఎర్రబడింది. "చావు దాకా వెళ్లొచ్చి ఇంకా సున్నుండల మీద ఆశేనా? చిన్న పిల్లాడా మీరు?"

"వాడికి ఇవ్వకు."

"ఎందుకివ్వకూడదు?"

ఆయన డబ్బా పొట్టకి అదుముకుని అలాగే నిలబడిపోయాడు. చిన్మయి వచ్చి మెల్లగా ఆయన చేతుల్లోంచి విడిపించి, నర్సింహ చేతిలో పెట్టింది. "ఏమనుకోకు నర్సింహా. నాన్న టెన్షన్‌లో ఉన్నారు."

బాబీ మర్యాదగా ఫోను చూసుకోసాగాడు.

"నర్సింహా, ఒకసారి బయటికి రా" అన్నాడు మార్తాండరావు.

*

పోర్టికోలో కారు చాటున ఇద్దరూ నిలబడ్డారు.

"గా రిపోర్టు నాదే గదన్నా" అన్నాడు నర్సింహ. "నిన్న బాబీ సార్ ఫోన్ల చెప్పంగనే సమజైంది."

మార్తాండరావు చెప్పాల్సిన మాట ఆయన చెప్పకముందే వాడికి తెలిసిపోయింది. తేలిగ్గా అనిపించాలి. అనిపించలేదు.

"తెలిసీ నవ్వుతూ నిలబడ్డావా అక్కడ?"

"మరేం చెయ్యమంటవన్నా? ఏడ్వాల్నా?"

"నీకు ఏమీ తెలియలేదా ఇన్నాళ్లూ? నొప్పి, ఆయాసం, ఏదీ?"

నర్సింహ డబ్బా కారు మీద పెట్టాడు. "పోయిన ఎండాకాలం గోడ దుంకే షాట్ జేసిన సూడు, గప్పుడు లేచినంక దవడ గుంజింది. చెమటలు వట్టినయ్. గ్యాసనుకోని సోడా తాగి పండుకున్న. తెల్లారి మళ్లొచ్చి పనిజేసిన. గదేనేమో. ఇగ కాళ్ల మంటలంటవా, ఎన్ని నీళ్లు తాగినా తీరని దూపంటవా, గవి ఎప్పటిసందో ఉన్నయ్."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవలకు చెప్పాలె? నా పెండ్లాం మనోజకు చెప్తే పనికి పోనియ్యది. పోరికి చెప్తే చదువు ఇడిసి ఏడ్సుకుంట కూసుంటది."

"ఇవాళ షాటు చెయ్యకు. నేను డైరెక్టరుకి నిజం చెప్పేస్తాను."

నర్సింహ చప్పున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అన్నేళ్లలో వాడు ఆయన చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదలు.

"వద్దన్నా. నీ కాల్మొక్కుత. డూప్‌కు గుండెజబ్బంటే ఇంక ఆడు డూపేంది? రేపట్నుంచి కృష్ణానగర్‌ల సిన్మా పనికి నన్ను ఎవ్వడు పిలుస్తడు? నీకంటే మొఖముంది. కుర్సీల కూసోవెట్టి తీస్తరు. నాకు మొఖం లేదన్నా. ఒళ్లే ఉంది."

"ఆ ఒళ్లు పోతుందిరా!"

"ఈ ఒక్క షాట్ చేసినంక పోయి సూపెట్టుకుంట. నీ మీద ఒట్టు."

అచ్చం తాను భార్యతో అనే మాటే. ఈ షెడ్యూలు అయిపోనీ, ఈ పాట అయిపోనీ, సంక్రాంతి రిలీజు అయిపోనీ. మార్తాండరావు వాడి మొహంలోకి చూడలేకపోయాడు.

"ఒకటి అడుగుత, కోపం జెయ్యకు" అన్నాడు నర్సింహ. "సూదంటే భయమని నన్ను కూసోవెట్టినవ్. నీకు డెంగీ వచ్చినప్పుడు దవాఖానల పక్కన కూసున్నది నేనే. దినాం సూదులు గుచ్చినా నువ్వు ఉలుకలే. మరి గీ సూదికి ఎందుకు భయమైందన్నా?"

ఈ మధ్య సొంత ఇంటి మెట్లెక్కుతూ మలుపు దగ్గర ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడాయన. ఎడమ భుజం పొద్దున్న పూట బరువెక్కుతోంది. అన్నయ్యకీ అలాగే మొదలైంది. యంత్రం పెడితే అది తెలిసిపోతుంది. తెలిసిపోతే ఈ వేషం ఇంకొకరికి పోతుంది. అందుకు భయపడ్డాడు. సిగ్గులేకుండా భయపడ్డాడు.

"నీకు గూడ ఉన్నదా?" అన్నాడు నర్సింహ చిన్నగా.

"నాకేం లేదు."

నర్సింహ కాసేపు ఆయన్నే చూసి, డబ్బా తీసుకున్నాడు. "నాక్కూడ ఏం లేదన్నా. నువ్వు ఫికర్ జెయ్యకు."

బాబీ కారు హారను కొట్టాడు. నర్సింహ వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు.

*

"నేను సెట్‌కి వెళ్తాను" అన్నాడు మార్తాండరావు లోపలికి వచ్చి.

సీతామహాలక్ష్మి ఆయన వైపు చూడనైనా లేదు. "నా శవం మీంచి వెళ్లండి."

"లక్ష్మీ, అక్కడ కుర్చీలోనే కూర్చుంటాను. నువ్వూ రా. పక్కనే ఉండు. కింద అంబులెన్సు కూడా పెట్టారట. అట్నుంచి అటే ఆసుపత్రికి వచ్చేస్తాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఒక్క మాట అనను."

"నిజంగా?"

"అమ్మ మీద ఒట్టు."

ఆయన అమ్మ మీద ఒట్టు వేయడం ఆవిడ పెళ్లయ్యాక వినలేదు. ఆ ఒట్టే ఆవిడని భయపెట్టింది. కూతురి వైపు చూసింది.

"సరేలేమ్మా" అంది చిన్మయి. "నేను ఆసుపత్రికి వెళ్లి ఆ పనులన్నీ చూస్తాను. మీరు అట్నుంచి వచ్చేయండి. నాన్నా, మాట తప్పావంటే నీతో మాట్లాడను."

ఆసుపత్రికి రావడమంటే తన గుండెని చూపించడమే. ఇన్నాళ్లూ దేన్నుంచి పారిపోయాడో దానికే ఇప్పుడు ఒట్టేసి ఒప్పుకున్నాడు. నర్సింహని ఆపడానికి అంతకంటే వేరే దారి కనపడలేదు.

ఫిల్మ్ నగర్ దాటాక కారులో చెప్పాడు భార్యకి. క్యారవాన్, గడ్డం, విగ్గు, సూది, అన్నీ చెప్పాడు. ఇన్నేళ్ల కాపురంలో అంత పొడుగు నిజం ఒక్కసారిగా ఎప్పుడూ చెప్పలేదేమో, చెప్పేసరికి ఆయాసం వచ్చింది.

సీతామహాలక్ష్మి మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అయిపోయిందా?" అంది.

"నమ్మవా?"

"బావగారు కూడా ఇలాగే అన్నారు. రిపోర్టు మారిపోయింది, ఇంకెవరిదో నా పేరు మీద వచ్చింది, ల్యాబ్ వాళ్లు మొద్దులు అన్నారు. అక్కయ్య నమ్మింది. నేను నమ్మనండీ. నా వల్ల కాదు."

"నర్సింహని అడుగు. వాడే చెబుతాడు."

"ఎదిగిన కూతురున్న తండ్రి వాడు. ఆఖరికి ఆ అమాయకుడి మీదికి నెడతారా మీ జబ్బు!"

డ్రైవరు అద్దంలోంచి చూసి మళ్లీ రోడ్డు వైపు తిప్పుకున్నాడు చూపు. షేక్‌పేట వచ్చేదాకా ఆవిడ ఆయన మణికట్టు పట్టుకునే కూర్చుంది, నాడి చూస్తున్నట్టు.

*

సగం కట్టిన ఆ బిల్డింగు కింద అంతస్తులో తెల్ల రంగు వేసి ఆసుపత్రి బోర్డులు తగిలించారు. గేటు పక్కన అంబులెన్సు నిలబడి ఉంది. ఇది మాత్రం నిజమైనదే. లోపల ఒక నర్సమ్మ ఫోను చూసుకుంటోంది.

నర్సింహ అప్పటికే గడ్డం పెట్టించుకుని తయారయ్యాడు. కూతురి వేషం వేస్తున్న అమ్మాయి ఒకసారి వాడి వీపు మీదికెక్కి దిగింది. రిహార్సల్‌లో ఒక అంతస్తు ఎక్కాడట. మేకప్ కింద మొహం ఎలా ఉందో తెలియడం లేదు. మెడ మాత్రం తడిసిపోయి ఉంది.

"సార్, మీ కుర్చీ ఇక్కడ" అంటూ బాబీ పరుగెత్తుకొచ్చాడు.

మార్తాండరావు కుర్చీలో కూర్చోలేదు. నేరుగా డైరెక్టరు దగ్గరికి వెళ్లాడు. అతను కుర్రవాడు, మొదటి సినిమా.

"బాబూ, ఈ షాటు ఆపు. ఆ రిపోర్టు నాది కాదు. ఆ రోజు రక్తం ఇచ్చింది నర్సింహ. జబ్బు వాడిది. వాడు మెట్లెక్కితే చచ్చిపోతాడు."

పైనుంచి లైట్లవాళ్లు తొంగి చూశారు.

డైరెక్టరు బాబీ వైపు చూశాడు. బాబీ సీతామహాలక్ష్మి వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. ఆ చూపులు ఎటు తిరుగుతున్నాయో మార్తాండరావుకి అర్థమైంది. రోగికి భయం పట్టుకుంది, ఏదేదో మాట్లాడుతున్నాడు అనుకుంటున్నారు.

"నర్సింహా, నువ్వు చెప్పు" అన్నాడాయన. "చెప్పరా. ఆ రోజు చెయ్యి చాచింది నువ్వా, నేనా?"

నర్సింహ అందరి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అదే గడ్డం, అదే కళ్లజోడు. తనలాగే ఉన్న మనిషి తన ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు.

"అన్నకు నా మీద పాణం సార్. నాకు కష్టమైతదని గట్ల చెప్తుండు. రక్తం ఇచ్చింది అన్ననే. నేను గాడ లేనే లేను. నాకేం లేదు సార్."

ఆ ఆఖరి మాట విని సీతామహాలక్ష్మి తలెత్తింది. పొద్దున మెట్ల దగ్గర టవలుతో నిలబడి భర్త అన్నదీ అదే మాట, అదే గొంతు. వాడి తడిసిన మెడ చూసింది. ఆవిడ మొహంలో ఏదో మారింది.

"నర్సింహా, నిజం చెప్పు" అంది మెల్లగా.

"నిజమే అమ్మా."

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి భర్త వైపు తిరిగింది. "అంబులెన్సులో ఆ మిషను ఉందిగా? ఇప్పుడే మీకు పెట్టిస్తాను. మీ గుండె బాగుందంటే ఆ రిపోర్టు మీది కాదనేగా? అప్పుడు నేనే ఈ షాటు ఆపిస్తాను. ఎవరు చేస్తారో చూస్తాను."

"మేడమ్, పగటి లైటు పోతుంది" అన్నాడు బాబీ.

"పోనివ్వండి!"

మార్తాండరావు అంబులెన్సు ఎక్కి పడుకున్నాడు. తనే చొక్కా గుండీలు విప్పుకున్నాడు. నర్సమ్మ ఛాతీకి జిగురు రాసి తీగలు తగిలించింది. చల్లగా తగిలాయి.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడూ తన కోసమే తన గుండె బాగుండాలని కోరుకున్నాడు. ఇవాళ మొదటిసారి ఇంకొకడి కోసం కోరుకున్నాడు. ఇది బాగుంటే నర్సింహ ఆగుతాడు. బాగుండు తండ్రీ, ఈ ఒక్కసారికి బాగుండు, అనుకున్నాడు.

యంత్రం చిన్నగా చప్పుడు చేస్తూ కాగితం బయటికి వదిలింది. నర్సమ్మ దాన్ని చింపి చూసింది. ఇంకోసారి తీగలు సరిచేసి మళ్లీ తీసింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది.

"మెట్లెక్కితే ఛాతీలో బరువుగా ఉంటుందా సార్?"

ఆయన చొక్కా అంచులు దగ్గరికి లాక్కున్నాడు.

"భుజంలోకి పాకుతుందా?" అంటూ నర్సమ్మ తలుపు వైపు చూసింది. "మీతో వచ్చినవాళ్లెవరండీ?"

"నేనేనమ్మా" అంది సీతామహాలక్ష్మి తలుపు దగ్గర్నుంచి. నర్సమ్మ ఆవిడతో ఏదో చెప్పింది. తేడా ఉందని, వెంటనే బయల్దేరాలని, ఆలస్యం మంచిది కాదని. ఆవిడ మొహంలో ఇందాక మారిందేదో మళ్లీ యథాస్థానానికి వచ్చేసింది.

"ఇంకా ఏం అబద్ధం మిగిలిందండీ?" అంది ఏడుస్తూ.

"లక్ష్మీ, ఇది నాదే. అది కూడా ఉంది. అది వాడిది. ఇద్దరికీ ఉంది, అర్థం చేసుకో. వాడికీ ఒకసారి ఈ తీగలు పెట్టించు, తెలుస్తుంది."

"అర్థమైంది. మీరు పడుకోండి."

"ఈ అంబులెన్సు ఇక్కడే ఉండాలి. వాడికి కావాలి. మనం కారులో వెళ్దాం." ఆయన లేవబోయాడు. నర్సమ్మ భుజం పట్టి వెనక్కి నొక్కింది.

తలుపు పక్కన నర్సింహ వచ్చి నిలబడ్డాడు. మార్తాండరావు చెయ్యి చాచి వాడి స్వెటరు అంచు అందుకున్నాడు.

"ఒక్క మాట చెప్పరా. ఒక్కటి. ఇప్పుడైనా."

"నువ్వు పోయిరా అన్నా. నేను దవాఖానకొస్త. షాట్ కాంగనే వస్త."

"వదలండి, వాళ్లు పిలుస్తున్నారు" అంది సీతామహాలక్ష్మి. ఆవిడే ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించింది.

బాబీ తలుపులు మూశాడు. "నర్సింహా, రెడీయా?" అని అరవడం లోపలికి వినిపించింది.

అంబులెన్సు గేటు దగ్గర తిరగడానికి కాసేపు ఆగింది. వెనక అద్దంలోంచి మెట్ల మొదలు కనిపించింది. ఆ అమ్మాయి రెండు చేతులూ నర్సింహ మెడ చుట్టూ వేసి వీపు మీదికి ఎక్కుతోంది. వాడు మోకాళ్లు వంచి, ఒకసారి తూలి, నిలదొక్కుకున్నాడు.

మార్తాండరావు లేచి కూర్చుని కేకపెట్టడానికి నోరు తెరిచాడు.

"మాట్లాడకండి సార్, అలిసిపోతారు" అంటూ నర్సమ్మ ఆయన నోటికీ ముక్కుకీ ఆక్సిజన్ మాస్కు పెట్టి, వెనక పట్టీ బిగించింది.